బైండింగు బీరువాలో పదకొండు కవర్లు

ఉదయం ఏడున్నరకే ఆ ఇంటి ముందుగదిలో సుత్తి చప్పుడు మొదలైంది. ముందుగది అని పేరే గానీ అది బూట్ల వర్క్‌షాపు. మామూలు బూట్లు కావు. ప్రమాదంలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి, షుగరు జబ్బుతో అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకి కొలతలు తీసి చేసే బూట్లు. గోడ నిండా అరలు, అరల నిండా జతలు జతలుగా తెల్లటి ప్లాస్టర్ పాదాలు. మొదటిసారి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారు, లోపల ఇంతమంది నిలబడి ఉన్నారేమిటన్నట్టు.

వంటింట్లో ఆ బూట్లు చేసే ఆయన భార్య టిఫిన్ డబ్బాలు సర్దుతోంది. ఆమె లైబ్రేరియన్. పుస్తకం ఒక్కరోజు ఆలస్యంగా తెచ్చినా రుసుము వేసే మనిషి. ఇంట్లోనూ అంతే. కరెంటు బిల్లు, అత్తగారి మందుల చీటీ, కూతురి మూడో తరగతి మార్కుల జాబితా, ఏది కావాలన్నా కళ్ళు మూసుకుని తీసిస్తుంది. కూతురు ఆమెకి 'ఇన్‌స్పెక్టర్' అని పేరు పెట్టింది. ఆ పిలుపు వింటే ఒకప్పుడు పైకి విసుక్కుని లోపల మురిసిపోయేది. ఆరేళ్ళుగా మాత్రం ఆ పిలుపు వింటే ముఖం తిప్పేసుకుంటోంది. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, చిన్న పని!" అంటూ కూతురు తడిజుట్టు తుడుచుకుంటూ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఒకచోట నిమిషం కుదురుగా నిలబడదు. అందుకే తండ్రి 'పిచ్చుక' అంటాడు. "బ్యాంకావిడ ఫోన్ చేసింది. లోనుకి అన్నీ సరిపోయాయట. నాన్న టాక్స్ రిటర్నులు మూడేళ్ళవి కాపీలు పంపిస్తే చాలట. శుక్రవారం సాయంత్రం లోపల."

మూత పెట్టబోతున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"ఏ రిటర్నులు?"

"ఏ రిటర్నులేంటమ్మా! ఏటా నువ్వు వేసేవే. నిద్రలో ఉన్నావా?"

సుత్తి చప్పుడు ఆగింది. ఆయన గుమ్మంలోంచి తల పెట్టాడు. చేతులకి జిగురు, కనుబొమ్మల మీద ప్లాస్టర్ పొడి. "కాగితాల గురించి మీ అమ్మనా అడుగుతున్నావు? అర్ధరాత్రి లేపి మా పెళ్ళి రసీదు అడిగినా ఇస్తుంది."

"పెళ్ళికి రసీదేంట్రా?" అంది ముందుగదిలో కుర్చీలో కూర్చున్న అత్తగారు. "అది సరేగానీ ముందు నా బూటు సంగతి చూడు. అడుగు ఊడి నోరు తెరుచుకుంది. నడుస్తుంటే తప్పట్లు కొడుతోంది."

"చూస్తానమ్మా. బుధవారం కొత్త జత మొదలుపెడతాను."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మూత బిగించింది. అది వేరే డబ్బా మూత.

"సోమవారమే కదా ఇవాళ," అంది, ఎవరితోనో తెలియకుండా. "వెతికి ఇస్తాన్లే."

కూతురు తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. "అమ్మా, ఆ మిషన్ అమ్మేవాళ్ళు శుక్రవారం దాకే ఆగుతామన్నారు. దాటితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. తెలుసు కదా?"

తెలుసు. పాదాన్ని స్కాన్ చేసే పెట్టె, ఆ లెక్కల్ని బట్టి అచ్చు చెక్కే యంత్రం, రెండూ కలిపి ఒక మూతపడ్డ వర్క్‌షాపు వాళ్ళు సగం ధరకి అమ్ముతున్నారు. రోగుల్ని పంపే పెద్దాసుపత్రి వచ్చే నెల నుంచి కంప్యూటర్ కొలతలు తప్ప తీసుకోనంది. ఆయనకి ఉన్న పనిలో ముప్పావు వంతు ఆ ఆసుపత్రిదే. కూతురు ఏడాది పాటు రెండు బస్సులు మారి వెళ్ళి ఆ యంత్రం పని నేర్చుకుని వచ్చింది. యంత్రం రాకపోతే ఈ సుత్తి చప్పుడు నెలరోజుల్లో ఆగిపోతుంది.

---

లైబ్రరీలో వెనకగదిలో ఒక ఇనప బీరువా ఉంది. చిరిగిన పుస్తకాలు బైండింగుకి పంపే ముందు అందులో పెడతారు. తాళంచెవి ఆమె దగ్గరే. తొమ్మిదింటికి తలుపు తీసి, కింది అరలో అట్టలూడిన నిఘంటువుల వెనక చెయ్యి పెట్టింది.

ఉన్నాయి. పదకొండు కవర్లు. పన్నుల ఆఫీసు నుంచి, రిటర్నుల్లో ఆమె ఇచ్చిన లైబ్రరీ చిరునామాకి వచ్చినవి. ఒక్కటీ చింపలేదు. పది తెల్లవి. పదకొండోది పసుపురంగుది, మూడు వారాల కిందట వచ్చింది. సంతకం పెట్టి తీసుకోవాల్సి వచ్చింది. ఆరోజు ఆమె తన పేరు బదులు తేదీ రాసేసరికి పోస్ట్‌మ్యాన్ "ఒంట్లో బాగాలేదా మేడమ్?" అన్నాడు.

ఇదంతా మొదలైంది ఒక్క కాగితంతో.

ఆసుపత్రి వాళ్ళు ఆయన బిల్లులు చెల్లించేటప్పుడే కొంత పన్ను కోసుకుని, ఏడాది చివర ఇంత కోశామని ధ్రువపత్రం ఇస్తారు. దాన్ని బట్టి ఆమె రిటర్ను వేస్తుంది. ఆరేళ్ళ కిందట ఆ కాగితం కనబడలేదు. భోజనాల బల్ల మీద పెట్టింది, బాగా గుర్తు. తెల్లారి చూస్తే లేదు. బీరువాలు దులిపింది, పరుపులు ఎత్తింది, చెత్తబుట్ట బోర్లించింది. ఆయన్ని అడగొచ్చు. కానీ కాగితాలు పారేసుకుంటారని ఆయన్ని రోజుకి నాలుగుసార్లు సాధించేది తనే. ఇప్పుడు తనే పోగొట్టిందని ఎలా చెప్పడం? ఆసుపత్రికి వెళ్ళి ఇంకో కాపీ అడిగితే గుమస్తా అర్జీ పెట్టి మూడు నెలలు ఆగమన్నాడు. గడువు మూడు వారాలే ఉంది.

గడువు దాటింది. మరుసటి ఏడు కాగితాలన్నీ ఉన్నాయి. అయినా వేయలేదు. నిరుడు వేయకుండా ఈ ఏడు ఎలా వేస్తాం? మూడో సంపుటం లేకుండా నాలుగోది అరలో పెట్టడానికి ఆమెకి చేతులు రాలేదు. ఆ మరుసటి ఏడు రెండు బాకీ. ఆపైన మూడు. తెల్లకవర్లు రావడం మొదలైంది. పుస్తకం పోగొట్టుకున్నవాళ్ళు లైబ్రరీ ఉన్న వీధిలోకే రావడం మానేస్తారని ఆమెకి ఇరవై ఏళ్ళుగా తెలుసు. అలాంటివాళ్ళని చూసి నవ్వుకునేది కూడా.

పసుపు కవరు అంచు మీద గోరు పెట్టింది. తీసేసింది. బీరువా తాళం వేసింది.

---

మంగళవారం కూతురు రెండుసార్లు అడిగింది. ఆమె మొదటిసారి "లైబ్రరీలో ఉన్నాయి" అంది. రెండోసారి "కాపీ మిషన్ పాడైంది" అంది.

"మొబైల్లో ఫొటో తీసి పంపించొచ్చు కదమ్మా."

"అన్నీ నువ్వే చెబుతావా నాకు?" అని కసిరింది. కూతురు బిత్తరపోయి చూసింది. కాగితాల విషయంలో అమ్మ కసరడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు.

బుధవారం లైబ్రరీకి వారపు సెలవు. పది గంటలకి ఆయన తల్లి పాత బూటు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "లాభం లేదు. కొత్తగా చెయ్యాల్సిందే. ఏమోయ్, ఆ ఎత్తుపీట కాస్త పట్టుకుంటావా? అమ్మ అచ్చులు పై అరలో ఉన్నాయి."

ఆమె వచ్చి పీట పట్టుకుంది. మనసు పీట మీద లేదు. 'సాయంత్రం చెప్పేస్తాను' అనుకుంటోంది. నిన్నా అలాగే అనుకుంది. కూతురు కిటికీ దగ్గర టేపుతో తలుపు వెడల్పు కొలుస్తోంది, యంత్రం లోపలికి పడుతుందో లేదోనని.

ఆయన పై అరలోంచి ఒక పొట్లం దించాడు. పాత న్యూస్‌పేపర్, దారంతో కట్టి ఉంది. విప్పితే రెండు ప్లాస్టర్ పాదాలు, వాటి మధ్య మడతపెట్టిన రెండు కాగితాలు. ఎవరికి అచ్చు తీసినా ముందు వాళ్ళని కాగితం మీద నిలబెట్టి పెన్సిల్‌తో పాదం చుట్టూ గీస్తాడు. చేతికి ఏ కాగితం దొరికితే ఆ కాగితం. తర్వాత అచ్చుతో పాటే దాచేస్తాడు.

"ఇది ఎడమది. ఇది కుడిది," అంటూ పీట మీంచే వంగి బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేశాడు. "చూడమ్మా, అప్పుడు నీ బొటనవేలు ఎంత తిన్నగా ఉండేదో."

కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. కుడిపాదం గీసిన కాగితం వెనకవైపు నుంచి ఏదో నీలిరంగు ముద్ర గుండ్రంగా, తిరగబడి కనిపిస్తోంది. ఆమె చూపు దాని మీద ఆగిపోయింది.

"ఏమండీ, ఏంటది?"

"అమ్మ కుడిపాదం."

"అది కాదు. తిప్పండి."

ఆయన తిప్పాడు. ఆసుపత్రి పేరు. కింద ఆయన పేరు. ఆ కింద అంకెలు, సంతకం, నీలి ముద్ర. ఆరేళ్ళ కిందటి తేదీ.

ఆమెకి మొదట నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. పీట వదిలేసి, బల్ల పట్టుకుని, ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది. పీట మీదున్న మనిషి పడిపోబోయి అర పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"పరుపులు ఎత్తి చూశాను. చెత్తబుట్ట బోర్లించాను. పూజగదిలో అన్నీ తీసి చూశాను." నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. "మీ అమ్మగారేమో ఆరేళ్ళుగా దాని మీద నిలబడి ఉన్నారు!"

"నేనేం చేశానే?" అంది అత్తగారు కంగారుగా. "వాడు నిలబడమంటే నిలబడ్డాను."

"ఒక్క కాగితానికి ఇంత ఏడుపేంటోయ్?" ఆయన పీట దిగాడు. "దొరికిందిగా."

"అది లేకే ఆ ఏడాది రిటర్ను వెయ్యలేదు."

కూతురి చేతిలో టేపు సర్రుమని వెనక్కి చుట్టుకుపోయింది.

"ఆ ఏడాది వెయ్యలేదు కాబట్టి తర్వాతదీ వెయ్యలేదు."

"ఆ తర్వాత?" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"ఆ తర్వాత ఏదీ వెయ్యలేదండీ."

---

ముందు పేలింది కూతురు.

"అంటే మూడేళ్ళవి కాదు, ఒక్క ఏడాదిదీ లేదా? సోమవారం నుంచి నన్ను ఆడిస్తున్నావా? కాపీ మిషన్ పాడైంది, లైబ్రరీలో ఉన్నాయి... అమ్మా, నేను నాలుగు పేజీల పుస్తకం ఒక్కరోజు ఆలస్యంగా ఇస్తే నా దగ్గర కూడా రుసుము కట్టించుకున్నావు!"

"పిచ్చుకా," అన్నాడు తండ్రి.

"ఏంటి నాన్నా పిచ్చుకా? ఏడాది పాటు పొద్దున్నే ఐదింటికి లేచి రెండు బస్సులు మారి వెళ్ళాను. ఎందుకు? ఈ గది నిలబడాలని. ఎల్లుండి ఆ మిషన్ ఎవడో పట్టుకుపోతాడు. వచ్చే నెల ఆసుపత్రి పని పోతుంది. అప్పుడు ఈ పాదాలన్నీ ఏం చేసుకుందాం? వరసగా పెట్టి ఊరేగిద్దామా?"

ఆమె చూస్తున్నది కూతురి వైపు కాదు. ఆయన వైపు. ఆయన కోప్పడితే బాగుండును. కానీ ఆయన స్టూలు మీద కూర్చుని ఆ కాగితాన్నే చూస్తున్నాడు.

"సంతకం నాది," అన్నాడు చివరికి. "నోటీసు వచ్చినా నా పేరు మీదే వస్తుంది. అది సరే. పోనీ. కానీ ఆరేళ్ళు... రోజూ నా ఎదురుగా కూర్చుని తిన్నావు. ఒక్కరోజు, ఒక్క ముద్దకీ ముద్దకీ మధ్య, ఈ మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"ఎలా చెప్పనండీ? మీకంతా నేనేగా! కాగితం అంటే నేను. అది నేను పోగొట్టానని..." ఆ కాగితం వైపు చెయ్యి చూపింది. "మీరెప్పుడైనా అడిగారా? ఏటా కలం చేతికిస్తే, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేవారు. ఆరేళ్ళుగా నేను కలం ఇవ్వలేదు. ఈ ఏడు సంతకం పెట్టలేదేంటి అని మీకు ఒక్కసారైనా అనిపించిందా?"

ఆయన వేళ్ళకంటిన జిగురు గోటితో గీరుకున్నాడు.

"అనిపించలేదు," అన్నాడు.

"చూశారా!"

"అదేగా చెప్తున్నాను. అనిపించలేదు." ఆయన కాగితాన్ని వేలితో తట్టాడు. "పైగా దీన్ని బల్ల మీంచి తీసింది నేనే. ఒకవైపు ఖాళీగా ఉందని తీశాను. రెండో వైపు చూడనే లేదు. నువ్వు పోగొట్టలేదు. ఆరేళ్ళు నిన్ను నువ్వు తిట్టుకున్నావు చూడు, ఆ తిట్లన్నీ నావి."

ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్ని రకాలుగా ఊహించుకుందో ఈ రోజుని. ఈ రకంగా మాత్రం ఒక్కసారీ ఊహించలేదు.

"మీ ఇద్దరి పంపకాలు అయ్యాయా?" అంది అత్తగారు. "ఏడిస్తే ఏ ఆఫీసూ ఊరుకోదు. ఇవాళ బుధవారం. ఆ పిల్ల గడువు శుక్రవారం. మధ్యలో ఒక రోజుంది. దానికేం చేస్తారో అది చూడండి."

కూతురు ముక్కు ఎగబీల్చి తల్లి దగ్గరికి వచ్చింది. ఇంకా కోపంగానే ఉంది. "నోటీసులు ఎన్ని వచ్చాయి?"

"పదకొండు."

"ఏముంది వాటిల్లో?"

"తెలీదు. చింపలేదు."

"అమ్మా!" అని తల పట్టుకుంది. ఆ వెంటనే, "ఎక్కడున్నాయి? పద," అంది.

---

ఆడిటరు ఒక పెద్దావిడ. బల్ల మీద మూడు కళ్ళజోళ్ళు, ఒక కత్తెర, సగం ఒలిచిన నారింజపండు. గురువారం పొద్దున తొమ్మిదింటికి ముగ్గురూ వరసగా ఎదురు కుర్చీల్లో కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న ఆమె ఒళ్ళో కవర్లున్న గుడ్డసంచి.

"ఆరేళ్ళు," అంది ఆమె సంచి పట్టుకుని. ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదటిసారి.

"ఆరేనా?" ఆడిటరమ్మ ఇంకో తొన ఒలిచింది. "మొన్నొకాయన పదహారేళ్ళవి గోనెసంచిలో మోసుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి అరెస్టు చేయించకండమ్మా అన్నాడు. ఇవి ఆయన తోటలో పళ్ళే. తినండి."

ఎవరూ తినలేదు.

"కాగితం ఒకటి పోయిందండీ," అంది ఆమె. "అందుకని ఆ ఏడాది ఆపాను. అది వెయ్యకుండా తర్వాతవి వెయ్యకూడదు కదా అని..."

"ఎవరు చెప్పారు వెయ్యకూడదని?"

ఎవరూ చెప్పలేదు.

"మీరు లైబ్రేరియన్ కదా? పుస్తకం ఒకటి పోతే ఏం చేస్తారు?"

"రిజిస్టర్లో ఆ నంబరుకి ఎదురుగా 'కనబడలేదు' అని రాస్తాం."

"రాసి? లైబ్రరీకి తాళం వేస్తారా?"

కూతురు ఫక్కున నవ్వి, నోరు మూసుకుంది. ఆయన మీసం కూడా కదిలింది. ఆమె చెవులు వెచ్చబడ్డాయి. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. ఇంటికొచ్చేసరికి ఎలా మర్చిపోయింది?

"పైగా ఆ కాగితం పోనే లేదు," అంది ఆడిటరమ్మ కంప్యూటర్ వైపు తిరిగి. "ఆసుపత్రి వాళ్ళు పన్ను కట్టినరోజే ఇక్కడ నమోదైంది. ఇదిగో. ఆరేళ్ళవీ ఉన్నాయి. సరే, కవర్లు ఇవ్వండి."

కత్తెర మొదటి కవరు కోసింది. ఆమె కళ్ళు మూసుకుంది.

"అభినందనలు," అంది ఆడిటరమ్మ. "ఇది నోటీసు కాదు. మీరు చివరిగా వేసిన రిటర్నుకి వాపసు చెక్కు. ఎక్కువ కట్టారట. ఇప్పుడు చెల్లదనుకోండి. మళ్ళీ అడగొచ్చు."

"చెక్కా?" ఆయన వంగి చూశాడు. "ఏమోయ్, వాళ్ళు మనకి డబ్బు పంపిస్తే అది కూడా దాచేశావా?"

రెండోది రిటర్ను వెయ్యమని గుర్తుచేసే ఉత్తరం. మూడోదీ అదే. నాలుగోది ఫోన్ నంబరు మారితే తెలపమని సలహా. ఐదు నుంచి పది దాకా మళ్ళీ అవే గుర్తుచేసే ఉత్తరాలు, మాటలు కాస్త బిరుసెక్కుతూ. ఆమె లెక్కపెడుతూనే ఉంది. ఇక మిగిలింది పసుపుది.

ఆడిటరమ్మ దాన్ని కోసింది. చదివింది. కళ్ళజోడు మార్చి మళ్ళీ చదివింది. నారింజ తొన పక్కన పెట్టింది.

"ఇది నిజం నోటీసు," అంది. "ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకు ఖాతా ఆపేస్తామంటున్నారు. ఎప్పుడు అందింది?"

కూతురు కవరు లాక్కుని ముద్ర చూసింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"ఇవాళ్టికి ఇరవై ఆరు," అంది. "అమ్మా, ఇరవై ఆరే!"

"అయితే నాలుగు రోజులున్నాయి," అంది ఆడిటరమ్మ. "నాకు రెండు చాలు. ఇవాళ మూడేళ్ళవి వేసేద్దాం, రసీదులు రేపు మీ బ్యాంకుకి. పాత మూడేళ్ళకి విడిగా అర్జీ పెడదాం. నోటీసుకి జవాబు ఇప్పుడే రాస్తాను. ఆలస్యానికి అపరాధ రుసుము తప్పదు. కానీ ఆసుపత్రి కోసినది చూస్తే ఏటా మీరు కట్టాల్సినదానికంటే ఎక్కువే కోశారు. అన్నీ పోను చేతినుంచి పడేది ఒక మంచి సైకిల్ కొన్నంత."

"సైకిలా?" అంది ఆమె.

"ఆ. గేర్లున్న రకం."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఆరేళ్ళ పాటు మెడ కింద ఎక్కడో బిగించి పట్టుకున్నది ఏదో, అది అక్కడుందని కూడా మర్చిపోయినది, ముడి వదిలి జారిపోయింది. ఇల్లు పోతుందనుకుంది. ఆయన్ని తీసుకెళ్తారనుకుంది. ఒక సైకిల్! కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

కూతురు కుర్చీ జరుపుకుని వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. "రుసుము గురించి ఏడుస్తున్నావా ఇన్‌స్పెక్టర్? నా దగ్గర కట్టించుకున్నది ఉంటుంది చూడు, తీసి కట్టెయ్."

ఆమె ఏడుస్తూనే ఆ చెయ్యి మీద చిన్నగా ఒకటి వేసింది. నారింజ తొన ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుంది. పుల్లగా, తియ్యగా ఉంది. ఆ వారంలో నోటికి రుచి తెలిసిన మొదటి ముద్ద అదే.

మధ్యాహ్నానికి కాగితాలు తయారయ్యాయి. సంతకం దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఆయన కలం తీసుకుని, అలవాటు కొద్దీ "ఎక్కడ?" అన్నాడు. అని ఆగాడు. కలం కింద పెట్టి, జేబులోంచి భూతద్దం తీశాడు. కుట్లు చూసే భూతద్దం.

"చదువుతాను," అన్నాడు.

"అన్నీనా?" అంది ఆడిటరమ్మ.

"అన్నీ."

ఒక్కో గడి మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. ఇదేంటి, అదేంటి అని అడిగాడు. ఆమె పక్కనుండి చెప్పింది. గంటా పది నిమిషాలు పట్టింది. ఆడిటరమ్మ రెండు నారింజపళ్ళు పూర్తి చేసింది. కూతురు గోడకి తల ఆనించి, "నాన్నా, మిషన్ తుప్పు పడుతుంది," అని మూలిగింది. ఆయన వినిపించుకోలేదు.

ఇంటికెళ్ళే బస్సులో, వాలుతున్న ఎండ ముఖాన పడుతుండగా, ఆమె ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దిగాల్సిన చోటు వచ్చినా లేవలేదు. ఆయన లేపలేదు. కూతురు లేచి నిలబడితే వేలు పెదాల మీద పెట్టి కూర్చోమన్నాడు. చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చారు.

---

శుక్రవారం నాలుగింటికి బ్యాంకావిడ అన్నీ అందాయంది. ఐదింటికి మిషన్ మనదే అని ఖాయమైంది.

ఆదివారం ఉదయం ముందుగదిలో మళ్ళీ సుత్తి చప్పుడు. అత్తగారి కొత్త బూట్లకి అడుగులు వేసి ఉన్నాయి. యంత్రం వచ్చే చోటు కోసం కూతురు ఒక వరస అరలు ఖాళీ చేసి, ప్లాస్టర్ పాదాలని నడవాలో బారులు తీర్చింది. "పోలీసు కవాతులా ఉందే," అని అత్తగారు వాటి మధ్యనుంచి జాగ్రత్తగా నడుస్తోంది.

"ఏమోయ్, ఒకసారి ఇలా రా," అని పిలిచాడు ఆయన.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని ఉన్నాడు. చెవి మీద పెన్సిల్.

"చెప్పులు విప్పు."

"నాకెందుకండీ? నా పాదాలకి ఏ రోగమూ లేదు."

"రోజంతా ఆ రాతినేల మీద నిలబడతావు. సాయంత్రం వచ్చి గోడ పట్టుకుని నడుస్తావు. నాకు కనబడదనుకున్నావా?" అని చెవి మీది పెన్సిల్ తీశాడు. "కనబడిందిలే. ఊరందరివీ గీశాను, నీది గీద్దామని తోచలేదు."

ఆమె చెప్పులు విప్పింది. ఆయన పక్కనున్న దొంతరలోంచి ఒక కాగితం లాగి, నేల మీద పరచబోయి, ఆగి, ఆమె చేతికి అందించాడు.

"చూసి చెప్పు. గీయొచ్చా?"

ఆమె తీసుకుంది. ఒకవైపు ఖాళీ. తిప్పింది. పన్నుల ఆఫీసు గుర్తుచేసిన ఉత్తరాల్లో ఒకటి, నాలుగేళ్ళ కిందటిది. జవాబు వెళ్ళిపోయింది. కాపీ ఆడిటరమ్మ దగ్గర ఉంది. అయినా మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది.

"గీయండి," అంది. "దీంతో ఇక పని లేదు."

ఆయన దాన్ని నేల మీద పరిచాడు. ఆమె ఆయన భుజం పట్టుకుని దాని మీద కుడిపాదం పెట్టింది. కాగితం చల్లగా తగిలింది.

"అలా తేల్చి పెట్టకు. కొలత తప్పుతుంది. బరువంతా వేసి నిలబడు."

వేసింది. పెన్సిల్ మడమ పక్కనుంచి మొదలై, చిటికెనవేలు చుట్టూ గిలిగింత పెడుతూ నెమ్మదిగా సాగింది.

"కదలకు," అన్నాడు.

ఆమె కదల్లేదు.